లాకు దాటని ఇంజను పడవ

"ముందు ఇవి తాగండి. తరవాత మాట్లాడదాం."

లాకు గోడ మీద నుంచి వంగి, కింద పడవలో ఉన్న మనిషికి ముంత అందించింది సువార్త.

అతను తలెత్తాడు. పాతికేళ్ళ లోపు కుర్రవాడు. చేతులకీ చెంపకీ మసి. కాళ్ళకి మాత్రం కొత్త కిర్రుచెప్పులు, పెళ్ళికొడుకులాగ.

"ఏంటండి ఇవి?"

"మంచినీళ్ళు. మా ఇంట్లో తాగేవే. మీ ఇంజను పడవ ఇటు తిరగడం మొదలెట్టాక ఇలా తయారయ్యాయి."

ముంతలో నీళ్ళ మీద నెమలికంఠం రంగులు తేలుతున్నాయి. గుప్పున కిరసనాయిలు వాసన.

"మా ఇంజను కారదండీ!"

"అయితే తాగడానికి భయమెందుకు?"

పడవలో ప్రయాణికులంతా ఇటే చూస్తున్నారు. వెనక చుక్కాని దగ్గర సరంగు చిట్టియ్య మీసాల్లో నవ్వుకుంటున్నాడు. కుర్రవాడికి రోషం వచ్చింది. ముంత అందుకుని గటగటా తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"తియ్యగా ఉన్నాయండి," అన్నాడు. అని, లాకు గోడ పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా దగ్గాడు.

"ఇంకో ముంత తెమ్మంటారా?" అంది సువార్త.

కాలవల మీద ఇంజను పడవలు అప్పుడప్పుడే మొదలైన రోజులవి. అంతకు ముందు పడవంటే గాలివాటున తెరచాప ఎత్తేది, గాలి లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేది. ధవళేశ్వరం నుంచి కాకినాడ పోయే కాలవ మీద చినకోడు లాకుకి సువార్త తండ్రి రాజరత్నం సూపర్నెంటు. ఎగువ నుంచి వచ్చిన పడవ లాకులో చేరగానే వెనక తలుపులు మూస్తారు. లోపలి నీరు మెల్లగా కిందికి వదిలి, మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు. అందాకా పడవ రెండు గోడల మధ్య కదలకుండా నిలబడాలి. ఆ తీరికలోనే చిట్టియ్య పడవ అడుగున ఊరిన నీళ్ళు తోడి పారబోస్తాడు. తలుపులు తీయగానే ఆ నీళ్ళు నేరుగా ఊరి రేవులోకి పోతాయి.

ఆషాఢమాసం. గోదావరికి ఎర్రనీరు తగిలింది. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే బురద అడుక్కి దిగుతుంది. కిరసనాయిలు దిగదు. ఊళ్ళో అన్నం అదే వాసన, చారు అదే వాసన. రాజమండ్రి మిషను బడిలో చదువుకుని వచ్చిన సువార్త ఇంటి అరుగు మీద ఊరి పిల్లలకి అక్షరాలు చెబుతోంది. ఆ పిల్లలు ఒకరి వెనక ఒకరు కడుపు పట్టుకుని ఇళ్ళకి పోతుంటే చూసి చూసి, ఇవాళ ముంత పట్టుకుని బయలుదేరింది.

కుర్రవాడి పేరు సామ్యేలు. ధవళేశ్వరంలో ఇంజను పని నేర్చుకుని, వీరభద్రంగారనే షావుకారు పడవ నడుపుతున్నాడు. ఇంజను పాతది, ఎన్ని చేతులు మారిందో దానికే తెలియాలి. దగ్గు తెరిపిన పడ్డాక దాని మీది రేకు ఎత్తి చూపించాడు.

"మీరే చూసుకోండి. టాంకు పొడి. పైపు పొడి. జాయింట్లు పొడి. ఎక్కడ కారుతోందో చెప్పండి."

నిజంగానే అంతా పొడిగా ఉంది.

"మరి ఈ కిరసనాయిలు ఆకాశంలోంచి పడిందా?"

"అది దేవుణ్ణి అడగాలండి. ఆదివారం గుళ్ళో కనుక్కుని చెబుతాను."

తలుపులు తెరుచుకున్నాయి. డుబుడుబుమంటూ పడవ వెళ్ళిపోయింది. దాని వెనక నీళ్ళ మీద పొడుగునా నెమలికంఠం రంగులు.

తరవాత ట్రిప్పుకి లాకులో ఉట్టి ఎర్రనీరే ఉంది. ఆ పై ట్రిప్పుకీ అంతే. వాసన లేదు, రంగులు లేవు.

"ఇవాళ ముంత తేలేదేంటండి?" అని పడవ ముక్కు మీద నుంచి కేకేశాడు సామ్యేలు.

సువార్తకి నవ్వొచ్చింది. "బాగుచేశారన్నమాట!"

"మీరు చెప్పాక చెయ్యకపోతే ఎలాగండీ!" అన్నాడు గాని, ఎందుకో కళ్ళు దించుకున్నాడు. సిగ్గేమో అనుకుంది సువార్త. గబగబా ఇంట్లోకి వెళ్ళి, చెట్టున కోసిన జామకాయలు తెచ్చి అతని చేతుల్లో పోసింది.

ఆ సాయంత్రమే దిగువ పల్లె నుంచి చేపలమ్ముకునే పాపాయవ్వ వచ్చింది.

"ఇదేం కర్మమే తల్లీ! మా రేవులో నీళ్ళు ముంచి దీపంలో పోసుకోవచ్చు. ఆ ఇంజను పడవోళ్ళు మా మలుపు దగ్గర ఆగి తోడిపోస్తున్నారే!"

సువార్తకి ఒళ్ళు మండింది. జామకాయలు గుర్తొచ్చి మరింత మండింది.

మర్నాడు పడవ లాకులోకి వచ్చేసరికి గోడ మీద కొంగు బిగించి నిలబడి ఉంది.

"మీరు బాగుచెయ్యలేదు. దాచారు."

సామ్యేలు మసిగుడ్డ తీసి చేతులు తుడుచుకోసాగాడు.

"మా రేవే రేవా? కింద ఊరివాళ్ళ పిల్లలకి కడుపులుండవా?"

"తప్పేనండి." గొంతు తగ్గింది. "ఇంజను ఆగితే కారడం లేదు, నడుస్తుంటేనే కారుతోంది. ఎక్కడో అంతుబట్టడం లేదు. కొన్నాళ్ళు పడవ ఆపితే అంతా విప్పి చూస్తానని షావుకారుగారిని అడిగాను. పాత ఇంజనేగా, నడిచినన్నాళ్ళు నడవనీ అన్నారు."

"మీరు సరేనన్నారు."

"అన్నాను," అన్నాడు తలొంచుకుని.

ఇంకా ఏదో అనబోయి సువార్త ఆగిపోయింది. ఇంజను పక్కనే చేపల బుట్ట పెట్టుకుని పాపాయవ్వ కూర్చుని ఉంది. నోట్లో అడ్డచుట్ట, నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని హాయిగా పీలుస్తోంది.

"అవ్వా! ఆ చుట్ట పారెయ్! కింద కిరసనాయిలు!"

"నిప్పు నా నోట్లో ఉందే పిల్లా. మీ కిరసనాయిలు నా నోట్లోకొస్తుందేంటి?"

పడవంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్య అవ్వ చుట్ట బయటికి తీసి, అలవాటుగా బల్లల సందులో నుసి దులపబోయింది.

సామ్యేలు ఒక్క అంగలో అవ్వ దగ్గరికి దూకి అరచెయ్యి కింద పట్టాడు. నిప్పు అతని చేతిలో రాలింది. పళ్ళు బిగించి, గుప్పిట మూసి, చెయ్యి అలాగే పడవ బయటికి చాచి నీళ్ళలో ముంచాడు. సుయ్‌మంది.

నవ్వులు ఆగిపోయాయి. పిల్లల తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

సామ్యేలు తలెత్తి సువార్త కళ్ళలోకి సూటిగా చూశాడు. "మీ నాన్నగారితో చెప్పండి. ఈ పడవకి లాకు తియ్యొద్దని చెప్పండి."

రాజరత్నం మెత్తని మనిషి. "ప్రమాదం ఉంటే తప్ప పడవని ఆపే హక్కు నాకు లేదమ్మా. షావుకారు ఇంజనీరు దొరగారితో చెప్పాడంటే నా ఉద్యోగానికే ముప్పు," అన్నాడు.

"ఆ చెయ్యి చూసి మాట్లాడు నాన్నా."

ఆయన చూశాడు. అరచేతి నడిమధ్యన బొబ్బ లేచి ఉంది. పడవలోకి వంగి ఒకసారి వాసన పీల్చాడు. ఇంకేమీ అనకుండా వెళ్ళి, ముందు తలుపుల గొలుసుకి తాళం వేశాడు.

మర్నాడు పొద్దున్నే వీరభద్రంగారు గుర్రబ్బండి దిగారు. దిగుతూనే, "ఎవరయ్యా నా పడవని ఆపింది?" అని గట్టు అదిరేలా అరిచారు.

"నేనేనండి," అన్నాయి మూడు గొంతులు ఒకేసారి.

షావుకారు రాజరత్నాన్ని చూశారు, సువార్తని చూశారు, చివరికి సామ్యేలుని చూశారు. "ఒరే, నువ్వు నా జీతగాడివిరా!"

"అందుకేనండి. మనుషులతో సహా పడవ తగలబడితే పోయేది మీ పేరు. వారు తలుపులు తీసినా నేను ఇంజను తిప్పను."

"తిప్పకపోతే తిప్పేవాడు దొరకడా?"

"దొరుకుతాడండి. కారుడు మాత్రం ఆగదు."

షావుకారు మొహం కందగడ్డయింది. "రేపు పొద్దు గూకేలోపల బాగుపడితే సరేసరి. లేదా, మనుషుల్ని పెట్టి పడవ లాగించుకుపోతాను. నీకు నా దగ్గర పని లేదు. సూపర్నెంటుగారి సంగతి దొరగారి దగ్గరే తేల్చుకుంటాను."

బండి వెళ్ళిపోయింది. రాజరత్నం గోడ మీద కూలబడ్డాడు. సువార్త మాత్రం చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని పడవలోకి దిగింది.

"మీరెందుకండీ, మసి అంటుకుంటుంది," అన్నాడు సామ్యేలు.

"మీకు ఒక చెయ్యే ఉంది. నాకు రెండున్నాయి. కారేచోటు ఎలా కనబడుతుందో చెప్పండి."

"అదే తెలిస్తే ఇన్నాళ్ళూ మీ చేత తిట్లు తింటానా? ఇంజను తిరుగుతుంటే నూనె చెదిరి అంతటా పడుతుంది. ఏది కారిందో ఏది చిందిందో తెలియదు."

సువార్త ఇంట్లోకి పరిగెత్తి, పిల్లల పలకల పక్కనున్న సుద్దముక్కలన్నీ తెచ్చి పొడి కొట్టింది. పైపునీ జాయింట్లనీ గుడ్డతో తుడిచి సుద్దపొడి పామారు. సామ్యేలు ఇంజను తిప్పాడు. తెల్లగా ఉన్నవి తెల్లగానే ఉన్నాయి. ఆపి, తుడిచి, మళ్ళీ పామి తిప్పారు. ఫలితం లేదు. పొగకి ఇద్దరి కళ్ళూ ఎర్రబడ్డాయి.

"పంపు దగ్గరేమోనండి," అన్నాడతను నీరసంగా.

"పైపుకి పైభాగమే చూస్తున్నాం. అడుగున ఎవరు చూశారు?"

"అడుగున చెయ్యే దూరదు, తలెలా దూరుతుంది?"

"నా తల దూరుతుంది."

బల్లల మీద పక్కకి పడుకుని, జడ మెడకి చుట్టుకుని, తల లోపలికి పెట్టింది. వేళ్ళతో సుద్ద పామింది. "తిప్పండి!"

ఇంజను డుబుడుబులాడింది. ఒక నిమిషం ఏమీ లేదు. తరవాత లోపల్నుంచి కేక. "ఇక్కడ! నల్లబడుతోంది! ఇదిగో, చెక్క మీద పైపు ఒరుసుకునే చోట!"

ఇంజను ఆపి పైపు విప్పి వెలుగులో పెట్టి చూశారు. రాగి గొట్టానికి వెంట్రుకంత పగులు. ఇంజను అదిరినప్పుడు విచ్చుకుంటోంది, ఆగితే మూసుకుంటోంది.

"ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించింది నువ్వటే!" అన్నాడు సామ్యేలు గొట్టంతో. తలెత్తేసరికి సువార్త మొహమంతా సుద్ద, ముక్కు మీద మసి. నవ్వబోయి ఆపుకున్నాడు.

"నవ్వండి, ఫరవాలేదు. మీరూ అలాగే ఉన్నారు."

ముందు సబ్బు కూరి గుడ్డ చుట్టి చూశారు. ఇంజను తిప్పిన కాసేపటికే సబ్బు కరిగి జారిపోయింది. "కట్టు పనికిరాదు, అతుకే పడాలి," అని గొట్టం పట్టుకుని ఊళ్ళో కంచరి తాతాజీ ఇంటికి నడిచారు.

తాతాజీ గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చటుక్కున తిరిగి ఇచ్చేశాడు. "ఇత్తడితో అతుకుతాను, అదేమంత పనా? కిరసనాయిలు తాగిన గొట్టాన్ని మాత్రం నా కొలిమిలో పెట్టను. నా పాక అంటుకుంటే మీరిద్దరూ ఆర్పుతారా? వాసన లేకుండా కడిగి తెండి."

వాన మొదలైంది. సువార్త ఇంటి చూరు కింద పొయ్యి వెలిగించి, కుంకుడుకాయలు కొట్టి నీళ్ళు మరిగించారు. ఆమె పొయ్యడం, అతను గొట్టం ఊపి వంచడం.

"వాసన పోయిందా?" అని ఆమెనే అడిగాడు సామ్యేలు.

"మీరే చూడొచ్చుగా?"

"పుట్టుకతో వచ్చిన ముక్కు ఎప్పుడో కిరసనాయిల్లో చచ్చిపోయిందండి. ఇప్పుడు నాకు మీ ముక్కే దిక్కు."

సువార్త నవ్వాపుకుంటూ వాసన చూసింది. "ఉంది."

మళ్ళీ నీళ్ళు, మళ్ళీ కుంకుడు. "ఇప్పుడు?"

"ఉంది."

చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి. అతని జుట్టంతా వాన తుంపర్లు. బొబ్బలెక్కిన చేతికి తన పాత చీర పేలిక తానే కట్టింది పొద్దున్న. అది ఇప్పుడు తడిసి వదులైంది. అడక్కుండానే విప్పి మళ్ళీ కట్టడం మొదలెట్టింది. అతను చెయ్యి కదపలేదు.

"ఇప్పుడు చూడండి," అన్నాడు కట్టు పూర్తయ్యాక.

"ఉంది... కొద్దిగా."

"నిజంగా ఉందా? లేక నన్ను పంపించడం ఇష్టం లేకా?"

సువార్త మొహం వెచ్చబడింది. గొట్టం అతని మీదికి విసిరినంత పని చేసింది. "లేదు! వాసన లేదు! పదండి!"

తాతాజీ వెలిగారం చల్లి, ఇత్తడి కరిగించి అతికాడు. గొట్టంలో నీళ్ళు పోసి ఒక కొస మూసి ఊదితే, అతుకు అంచున బొట్టు మెరిసింది.

"సూదిమొనంతే కదా," అన్నాడు తాతాజీ.

"సూదిమొనంతైనా వద్దు తాతా. మళ్ళీ అతుకు," అంది సువార్త.

మర్నాడు మధ్యాహ్నానికి ఒక్క బొట్టు కూడా రాలేదు. గొట్టం బిగించేటప్పుడు సామ్యేలుకి మరో సంగతి తట్టింది. చెక్క మీద ఇలాగే ఒరుసుకుంటే మళ్ళీ పగులుతుంది. మెత్త కావాలి, మంచి తోలుది. చుట్టూ చూసి, చివరికి వంగి కుడి కాలి కిర్రుచెప్పు తీశాడు.

"అయ్యో, కొత్తవి కదండీ!" అంది సువార్త.

"ఉట్టి కాళ్ళతో నడిచినా ఎవరికీ కడుపునొప్పి రాదండి," అని కత్తితో అట్ట కోసేశాడు.

పొద్దు వాలుతుండగా షావుకారు వచ్చారు. ఊరంతా గట్టు మీద చేరింది. సామ్యేలు ఇంజను తిప్పాడు. లాకు గోడల మధ్య ఆ చప్పుడు చెవులు గింగిర్లెత్తిస్తోంది. చాలాసేపు తిప్పి ఆపాక, చిట్టియ్య పడవ అడుగు నీళ్ళు తోడి అందరి కళ్ళ ముందూ లాకులో పోశాడు.

ఎర్రటి మట్టినీళ్ళు. ఒక్క రంగు తేలలేదు.

"ఇంకోసారి," అన్నారు షావుకారు.

ఇంకోసారీ అంతే. పాపాయవ్వ దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, "చేపల వాసనొస్తోంది, నా చేతులదే," అని తేల్చింది.

వీరభద్రంగారు గొంతు సవరించుకున్నారు. "సూపర్నెంటుగారూ, తలుపులు తీయించండి. ఒరే సామ్యేలూ, పొద్దున్నకల్లా కాకినాడలో ఉండాలి. ఆలస్యం చెయ్యకు." రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి సువార్తని చూశారు. "అమ్మాయ్, నా రైసుమిల్లులో కూడా ఒక ఇంజనుంది. అది కారడం లేదులే," అన్నారు హడావిడిగా.

తలుపులు తెరుచుకున్నాయి. పడవ దిగువకి సాగిపోయింది. ఎవరో గెలిచినట్టు ఊరంతా కేకలేసింది. సువార్త కూడా నవ్వింది. ఇంటికి వెళ్ళాక మాత్రం ఎందుకో ఏ పనీ తోచలేదు.

తరవాత ట్రిప్పులకి పడవ రావడం, నీరు దిగడం, తలుపులు తీయడం, వెళ్ళిపోవడం. పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

"ఈవేళ తగువేం లేదాండి?" అని అడిగాడు సామ్యేలు ఒకనాడు.

"ఏముందని?"

"ఏదో ఒకటి వెతకండి. ఇలాగైతే ఈ లాకు మరీ తొందరగా దాటేస్తున్నాం."

పడవ మలుపు తిరిగేదాకా సువార్త గోడ మీదే నిలబడింది.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం, వాన కాస్త తెరిపిచ్చాక, గట్టు వెంబడి ఇద్దరు మనుషులు బురదలో నడిచి వస్తున్నారు. సామ్యేలు, పక్కన పొడుగాటి పెద్దావిడ. ఆవిడ అరుగెక్కి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, "వందనాలండి. నేను సామ్యేలు తల్లిని, సూరమ్మని. మీ అమ్మాయేదండీ?" అంది.

రాజరత్నం కంగారుగా పీట వేశాడు. సువార్త గుమ్మంలోకి వచ్చింది.

సూరమ్మ ఆమెని పైనుంచి కిందికి చూసింది. "వీడికి చిన్నప్పట్నించీ ఎవరైనా తప్పు పడితే గిట్టదమ్మా. నేనొక మాటంటే ఆ పూట అన్నం మానేసేవాడు. అలాంటివాడు, తన తప్పు పట్టిన పిల్లనే చేసుకుంటానని, పడవ లేని రోజు చూసి, ఇంత బురదలో నడిపించుకొచ్చాడు నన్ను. ఆ పిల్లెవరో చూడాలా వద్దా?"

"అమ్మా!" అన్నాడు సామ్యేలు.

"ఏం? అబద్ధం చెప్పానా?"

రాజరత్నం కూతురి వైపు తిరిగాడు. "అతని నెమ్మదీ, పనీ నేను కళ్ళారా చూశాను. నాకు ఇష్టమే. కాని ఇది నా ఇష్టంతో పోయేది కాదు. ఏమంటావమ్మా?"

సువార్త సామ్యేలుకేసి చూసింది. "మొదట్లో నా దగ్గర దాచారు."

"దాచాను. ఆ జామకాయలు తినలేక చిట్టియ్య బాబాయికి ఇచ్చేశాను. ఇక దాచను. ఇప్పుడూ ఉన్నదే చెబుతున్నాను. మీరు లేకపోతే నాకు ఏ రేవూ రేవులా కనబడటం లేదండి."

సువార్త గడప దాటి అరుగు మీదికి వచ్చింది.

"కాళ్ళు కడుక్కోండత్తా," అంది సువార్త సూరమ్మతో. "నీళ్ళు తెస్తాను."

సూరమ్మ ఒక్క క్షణం ఆగి, ఆ పిలుపు అర్థమై, పమిటచెంగుతో కళ్ళొత్తుకుంది.

పెళ్ళి ప్రకటన గుళ్ళో వరసగా మూడు ఆదివారాలు చదవాలి. ఆఖరి ఆదివారం పాస్టరుగారు కాగితం పైకెత్తి, చినకోడు రాజరత్నం కుమార్తె సువార్తకీ ధవళేశ్వరం సూరమ్మ కుమారుడు సామ్యేలుకీ వివాహం నిశ్చయమైందని చదివారు. కళ్ళద్దాల పైనుంచి జనాన్ని చూశారు.

"ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే లేచి చెప్పవలెను."

మగవాళ్ళ వైపు బెంచీలో సామ్యేలు మొహం పాలిపోయి ఉంది. జనంలో ఇంకెవరికేసీ చూడటం లేదు. ఎక్కడ లేచి నిలబడి ఏం తప్పు పడుతుందోనని, రెప్పవేయకుండా సువార్తనే చూస్తున్నాడు.

అతని భయం చూసి సువార్తకి నవ్వు పొంగుకొచ్చింది. పమిట కొస పెదవులకి అడ్డం పెట్టుకుని, కళ్ళు పైకెత్తి అతనికేసి చూసింది. అభ్యంతరం చెప్పమని పదిమందిలో అడిగినా, పాస్టరుగారు కాగితం మడిచేదాకా, ఆమె పెదవి విప్పలేదు.